క్సినోమవ్రో అనే గ్రీకు రెడ్ వైన్, కుందేలు స్తిఫాదో: విడిగా తాగితే వగరు, వంటకంతో తాగితే వేరే రుచి ఎందుకు?

నెక్కర్ ఒడ్డు

సభ్యులందరికీ నమస్కారం. నేను జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను. 1960లో పశ్చిమ జర్మనీకీ గ్రీసుకూ మధ్య కార్మికుల ఒప్పందం కుదిరిన తరువాత ఇక్కడి కర్మాగారాలకు వచ్చి స్థిరపడిన గ్రీకు కుటుంబాలు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. నా సహోద్యోగి అటువంటి ఇంటివాడే. పోయిన అక్టోబరులో అతని వెంట ఉత్తర గ్రీసులోని నావుసాకు వెళ్లి, వాళ్ల అమ్మగారి ఇంట్లో నాలుగు రోజులు ఉండి వచ్చాను. ఈ ఊరు థెస్సలొనీకికి పడమరగా దాదాపు 90 కిలోమీటర్ల దూరంలో, వెర్మియో కొండ వాలున ఉంటుంది. (పారోస్ ద్వీపంలో ఇదే పేరుతో మరో ఊరు ఉంది. అక్కడ దొరికేవి సముద్రమూ చేపలూ. నేను చెబుతున్న వైన్ అక్కడిది కాదు.)

మొదటి రాత్రి భోజనానికి ముందు నా సహోద్యోగి ఒక సీసా తెరిచి గ్లాసుల్లో పోశాడు. రెడ్ వైన్ అనగానే నేరేడు పండు రంగును ఊహించుకునే నాకు, అది నీళ్లు కలిపిన దానిమ్మ రసంలా, అంచుల్లో ఇటుక రంగుకు తిరిగి కనిపించింది. వాసన చూస్తే పండ్ల కంటే ముందు ఎండబెట్టిన టమాటా, ఉప్పునీటిలో ఊరిన ఆలివ్ కాయ గుర్తుకు వచ్చాయి. ఒక గుక్క తాగేసరికి ముందు పులుపు తగిలింది, ఆ వెనుకే పచ్చి అరటికాయ తొక్క కొరికినట్టుగా చిగుళ్లు, బుగ్గల లోపలి భాగం బిగుసుకుపోయాయి. ఇంటివారు నొచ్చుకుంటారని ముఖం మార్చకుండా గ్లాసు పక్కన పెట్టాను.

తరువాత ఆ తల్లిగారు స్తిఫాదో వడ్డించారు. కుందేలు మాంసాన్ని దాని బరువుకు దాదాపు సమానమైన చిన్న ఉల్లిపాయలతో, టమాటా, వెనిగర్, దాల్చినచెక్క, లవంగాలు వేసి మూడు గంటలు సన్నని సెగ మీద మగ్గించిన కూర అది. రెండు మూడు ముద్దలు తిని, మొహమాటానికి మళ్లీ గ్లాసు అందుకుంటే, వైన్ మారిపోయి ఉంది. వగరు చాలావరకు తగ్గింది, పులుపు ముల్లులా గుచ్చుకోవడం మానింది, అంతకు ముందు జాడ లేని స్ట్రాబెర్రీ వంటి పండు రుచి పైకి వచ్చింది. సీసా అదే, గ్లాసు అదే, మధ్యలో గడిచినది పావుగంట మాత్రమే. ఇది నా నాలుక చేసిన మోసమా, లేక దీనికి కారణం ఉందా అన్నది తెలిసినవారు చెప్పగలరని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

పాతకాపు

ఇటుక రంగు అంటున్నారు కాబట్టి నాకు మొదటి అనుమానం సీసా మీదే. రెడ్ వైన్ గాలి సోకి పాడైతే గోధుమ రంగుకు తిరుగుతుంది, పులుపు కూడా ఎక్కువవుతుంది. ఆకలి మీద కూర తిన్న తరువాత ఏదైనా బాగానే అనిపిస్తుంది.

కార్కు తీసినవాడు

పాతకాపు గారి అనుమానం చాలా వైన్ల విషయంలో సరైనదే కానీ, ఈ ద్రాక్షకు మాత్రం వర్తించదు. క్సినోమవ్రో అన్న పేరులోనే దాని జాతకం ఉంది: గ్రీకులో 'క్సినో' అంటే పులుపు, 'మవ్రో' అంటే నలుపు. కాయ తొక్క నల్లగా కనిపించినా, అందులోని రంగు పదార్థం తక్కువ, పైగా నిలకడ లేనిది. అందువల్ల మంచి ఆరోగ్యంతో ఉన్న సీసా కూడా నాలుగైదేళ్లకే అంచుల్లో ఇటుక రంగుకు తిరుగుతుంది, కానీ లోపలి పులుపూ వగరూ మాత్రం పదిహేనేళ్లయినా దాన్ని నిలబెడతాయి. ఇటలీలోని పీడ్‌మాంట్‌లో నెబ్బియోలో అనే ద్రాక్షతో చేసే బరోలో అనే వైన్‌కూ ఇదే లక్షణం. రెండింటినీ పోల్చడం వైన్ లోకంలో మామూలైపోయింది. పోలిక అర్థమయ్యేదే అయినా, గ్రీకు వైన్‌ను ప్రతిసారీ ఇటలీ తోబుట్టువుగానే పరిచయం చేయడం నాకు అంతగా నచ్చదు.

నావుసా పేరు సీసా మీద వేయాలంటే అందులో నూటికి నూరు పాళ్లూ క్సినోమవ్రోయే ఉండాలి, కనీసం ఏడాది పాటు ఓక్ పీపాల్లో నిలవ ఉంచాలి. ఈ రక్షిత మూలస్థాన గుర్తింపు 1971లో వచ్చింది. అదే ద్రాక్షను పైకో కొండ వాలున గుమెనిస్సాలో నెగోస్కా అనే మెత్తని ద్రాక్షతో కలుపుతారు. ఒలింపస్ కొండ పాదాన రప్సానీలో క్రస్సాతో, స్తవ్రోతో అనే రెండు రకాలతో కలుపుతారు. సుమారు 600 మీటర్ల ఎత్తున చల్లగా ఉండే అమిందియోలో 'రోజే' అనే గులాబీ రంగు వైన్, నురుగు వైన్ కూడా చేస్తారు. మిగతాచోట్ల తోడు దొరికే ఈ ద్రాక్ష నావుసాలో మాత్రం ఒంటరిగా నిలబడాలి. ఆ ఊరి వైన్ మొదటి గుక్కకే లొంగకపోవడానికి ఇది ఒక కారణం.

ఒక ప్రశ్న: ఎంత చల్లగా పోశారు? సీసా ఎంతసేపు ముందు తెరిచారు?

నెక్కర్ ఒడ్డు

మెట్ల కింది గదిలోంచి నేరుగా తెచ్చి, వెంటనే తెరిచి పోశారు. చేతికి చల్లగానే ఉంది; 14 డిగ్రీలు ఉండవచ్చని నా అంచనా.

కార్కు తీసినవాడు

అయితే మీ అనుభవంలో కొంత భాగం అక్కడే తేలిపోతుంది. చల్లదనం వగరును పెంచి చూపిస్తుంది. 16 నుంచి 18 డిగ్రీల మధ్య, గంట ముందు వెడల్పాటి జాడీలోకి వంచి ఉంచితే మొదటి గుక్క అంత కఠినంగా ఉండేది కాదు. కానీ మీరు వర్ణించిన మార్పు పావుగంట గాలికీ రెండు డిగ్రీల వెచ్చదనానికీ వచ్చేది కాదు. అసలు పని చేసింది కూరే.

బీకరు

వృత్తిరీత్యా ఆహార రసాయన శాస్త్రంతో పరిచయం ఉన్నవాడిని కాబట్టి కొంచెం విపులంగా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

వగరు అనేది తీపి, ఉప్పు వంటి రుచి కాదనీ, స్పర్శకు దగ్గరైన అనుభూతి అనీ ఇప్పటి శాస్త్రం అంటుంది. మన పెద్దలు దాన్ని షడ్రుచులలో చేర్చి, ఉగాది పచ్చడిలో మామిడి పిందె చేత ఆ పాత్ర వేయించారు. అందువల్ల ఈ విషయంలో తెలుగువారికి మాట కోసం వెతుక్కునే అవసరం లేదు. ద్రాక్ష తొక్కలోనూ గింజల్లోనూ ఉండే టానిన్లు మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని ముద్ద కట్టిస్తాయి. నోటిని జారుడుగా ఉంచే పొర అలా చెదిరిపోగానే నాలుకా బుగ్గలూ ఒకదానికొకటి గరుకుగా రాసుకుంటాయి. చిగుళ్లు బిగుసుకున్నాయని మీరు అన్నది అదే.

టానిన్లకు మరో ప్రోటీన్ అందిస్తే అవి దాన్ని పట్టుకుని, మన లాలాజలాన్ని కొంతవరకు వదిలిపెడతాయి. డికాక్షన్ ఎక్కువైన టీని పాలు లేకుండా తాగి చూడండి, తరువాత అందులోనే రెండు చెంచాల పాలు కలిపి చూడండి. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ టీ టానిన్లను పట్టుకోవడం వల్ల వగరు తగ్గుతుంది. మాంసంతో, జున్నుతో వైన్ మెత్తబడటానికి కూడా ఇదే సూత్రం చెబుతారు. కొవ్వు నోటికి పూతలా అంటుకుని సాయపడుతుంది.

పుల్లగూర

బీకరు గారూ, టీ ఉదాహరణ బాగుంది కానీ, ఇక్కడ ఒక చిక్కు ఉంది. కుందేలు మాంసంలో కొవ్వు ఉండదు కదా! మా నాన్నగారు వేట మాంసం వండించుకునే రోజుల్లో కుందేలు కూరకు నూనె రెట్టింపు పోయకపోతే పీచులా ఉంటుందనేవారు. మూడు గంటలు ఉడికిన మాంసంలోని ప్రోటీన్ కూడా ఎప్పుడో గట్టిపడి ఉంటుంది, అది టానిన్లను అంత చురుగ్గా పట్టుకుంటుందా? కొవ్వుతో నిండిన గొర్రె మాంసమైతే మీ వివరణను మారుమాట లేకుండా ఒప్పుకునేదాన్ని.

నాకు తోచినది చెబుతాను. ఆ కూరలో మాంసం కంటే వెనిగరూ టమాటాయే ముఖ్యమని నా అనుమానం. పులిహోర తిన్న వెంటనే నారింజ తొన తింటే పులుపు తెలియదు. మైసూరు పాకు తిన్న వెంటనే అదే నారింజ తింటే పళ్లు పులిసిపోతాయి. నాలుకకు ఏ పులుపు ముందు అలవాటైతే తరువాత వచ్చే పులుపు దానితో పోల్చుకుని తక్కువో ఎక్కువో అవుతుంది. వైన్ విషయంలో మాత్రం ఇది వేరుగా ఎందుకు ఉండాలి?

బీకరు

ఒప్పుకుంటున్నాను; కుందేలు సంగతి ఆలోచించకుండా పాఠం అప్పజెప్పాను. మీరన్నదానికి ఇంకొకటి జోడిస్తాను. నోటిలో ఆమ్లం ఎక్కువైనకొద్దీ వగరు కూడా ఎక్కువగా అనిపిస్తుంది, కాబట్టి కూరలోని పులుపు వైన్ పులుపును తక్కువ చేసి చూపితే, దానితోపాటు వగరు కూడా మెత్తబడినట్టు అనిపించే అవకాశం ఉంది. ఉప్పు కూడా ఇదే వైపు పని చేస్తుంది, చేదును అణచి పండు రుచిని పైకి తెస్తుంది. ఎదురు పని చేసేది ఉల్లిపాయల తీపి. తీపి వంటకం పక్కన వైన్ మరింత పుల్లగా, వగరుగా తోస్తుంది. స్తిఫాదోలో అంత ఉల్లి మగ్గినప్పుడు వచ్చే తీపిని వెనిగర్ సరిచేస్తుందన్నమాట. వెనిగర్ లేకుండా వండి ఉంటే నెక్కర్ ఒడ్డు గారు ఈ చర్చ పెట్టి ఉండేవారు కాదేమో.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. పులుపు తక్కువగా ఉండే మెత్తని వైన్‌ను ఈ కూరతో తాగితే అది చప్పబడిపోయి నీళ్లలా ఉంటుంది. టమాటా, వెనిగర్ పడిన వంటకాన్ని తట్టుకోవడానికి వైన్‌కు దానికి దీటైన పులుపు ఉండాలి.

పాతకాపు

నా మొదటి మాట వెనక్కు తీసుకుంటున్నాను. కానీ ఒక సందేహం: సీసాల మీద 'డ్రై' అని రాసి ఉంటుంది కదా, అది ఈ వగరు గురించేనా? నేను ఇన్నాళ్లూ నోరు ఎండిపోయేలా చేసేది డ్రై అనుకున్నాను.

కార్కు తీసినవాడు

కాదు. డ్రై అంటే పులిసేటప్పుడు ద్రాక్షలోని చక్కెర దాదాపు అంతా ఆల్కహాల్‌గా మారిపోయిందని, అంటే తీపి మిగలలేదని మాత్రమే అర్థం. వగరు బొత్తిగా లేని తెల్ల వైన్ కూడా డ్రై కావచ్చు. పాత్రాస్ ప్రాంతపు మవ్రోదాఫ్నే తీపి వైన్‌గా ప్రసిద్ధమే, అయినా వగరు ఉండవచ్చు. గ్రీకు సీసాల మీద 'క్సిరోస్' అని ఉంటే డ్రై అని. అది చదివి క్సినోమవ్రోలోని 'క్సినో' అనుకుని పొరబడిన మిత్రులు నాకు ఉన్నారు.

కృష్ణలంక

మెల్‌బోర్న్‌లో గ్రీకువారి దుకాణాలు చాలా ఉన్నాయి, అందువల్ల నావుసా సీసా దొరకడం నాకు కష్టం కాలేదు. పుల్లగూర గారి సూత్రం చదివాక, పులుపే కావాలంటే గోంగూర మాంసాన్ని మించినది ఏముందని శనివారం వండాను. ఫలితం నిజాయితీగా చెబుతున్నాను: సగం విజయం, సగం ఘోరం. గోంగూర పులుపు దగ్గర వైన్ తడబడలేదు, పైగా ఆ ఎండు టమాటా వాసన గోంగూరతో బాగానే కలిసింది. కానీ మా ఇంటి లెక్కన వేసిన గుంటూరు కారం మీద ఆ వైన్ పడగానే నోరంతా నిప్పు అంటుకున్నట్టయింది. వగరు తగ్గకపోగా రెట్టింపైంది. ఆఖరికి పెరుగన్నంతో చల్లార్చుకున్నాను.

బీకరు

ఆల్కహాల్ మంటను పెంచుతుంది. టానిన్లు అప్పటికే మండుతున్న నోటిని ఇంకా గీరుతాయి. ఈ వైన్లలో ఆల్కహాల్ సాధారణంగా 13, 14 శాతం ఉంటుంది, మిరపకాయలోని కాప్సైసిన్‌ను కరిగించి కడిగేయడానికి అది చాలదు. పెరుగు పని చేయడం యాదృచ్ఛికం కాదు. మళ్లీ ఆ కేసీనే. స్తిఫాదోలో ఘాటైన మసాలాలు ఉన్నా కారం లేకపోవడాన్ని గమనించండి.

పుల్లగూర

కృష్ణలంక గారూ, ఈసారి కారం పావు వంతుకు తగ్గించి, దాల్చినచెక్క, లవంగం కొంచెం పెంచి, నూనె ధారాళంగా పోసి వండి చూడండి. అది మన గోంగూర మాంసం అవుతుందా అని అడగకండి. నేను కూడా ఒప్పుకోను.

నెక్కర్ ఒడ్డు గారు స్తిఫాదో చేసే విధానం ఆ తల్లిగారిని అడిగి ఉంటే దయచేసి రాయండి. ఆ ఉల్లిపాయలు మన సాంబారు ఉల్లిపాయలేనా?

నెక్కర్ ఒడ్డు

దాదాపు అవే, కొంచెం పెద్దవి. ఆవిడ వాటిని పది నిమిషాలు వేడినీళ్లలో వేసి ఉంచి పొట్టు తీశారు. లేకపోతే కిలో ఉల్లి ఒలిచేసరికి పొద్దుపోతుందన్నారు. మాంసం ముక్కలను ముందుగా ఆలివ్ నూనెలో ఎర్రగా వేయించి పక్కన పెట్టి, అదే గిన్నెలో ఉల్లిని కదపకుండా దోరగా వేయించారు. తరువాత టమాటా గుజ్జు, అర గ్లాసు వెనిగర్, దాల్చినచెక్క ఒక ముక్క, నాలుగు లవంగాలు, మిరియాల కంటే కాస్త పెద్దగా ఉండే బహారి (ఆల్‌స్పైస్) గింజలు, రెండు ఆకులు. ఆ ఆకులు మన బిర్యానీ ఆకులు కావు. మనది దాల్చినచెక్క చెట్టుకు దగ్గరి జాతి ఆకు, వారిది దాఫ్నే (లారెల్) చెట్టు ఆకు, వాసన బాగా వేరు. మూత పెట్టాక ఆవిడ గరిటె పెట్టి కలపనే లేదు, ఉల్లిపాయ చితికితే కూర పోయినట్టేనట. గిన్నె రెండు చెవులూ పట్టుకుని ఊపేవారు.

దొండతీగ

నేను మాంసాహారం తీసుకోను. ఇంతవరకు జరిగిన చర్చలో నాకు చోటు ఉందా అని అడుగుదామనుకుంటూనే ఆగాను.

కార్కు తీసినవాడు

తప్పక ఉంది. గ్రీకు సనాతన క్రైస్తవుల ఉపవాస దినాలు ఏడాదిలో చాలా ఎక్కువ. ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు నిషిద్ధం కావడంతో కూరగాయలు, పప్పుధాన్యాల వంటలు అక్కడ బాగా పెరిగాయి. నావుసాకు ఎక్కువ దూరం కాని ప్రెస్పా సరస్సుల దగ్గర పండే పెద్ద తెల్ల చిక్కుడు గింజలను టమాటా, ఉల్లి, ఆలివ్ నూనెతో ఓవెన్‌లో మగ్గించి 'గిగాందెస్' అని వండుతారు. క్సినోమవ్రో పక్కన నాకు స్తిఫాదో కంటే అదే ఎక్కువ ఇష్టం. వంకాయను ఉల్లి, టమాటాలతో నింపి నూనెలో మగ్గించే 'ఇమామ్' కూడా బాగుంటుంది. జున్ను తినేవారైతే ఉప్పగా, గట్టిగా ఉండే కెఫలోగ్రవియెరా ముక్కలు చాలు.

కృష్ణలంక గారి ఊళ్లో ఈ వైన్ మరీ వగరు అనిపించినవారికి ఇంకో దారి ఉంది: పెలొపొన్నెసోస్‌లోని నెమేయాలో అయోర్యీతికో ద్రాక్షతో చేసే రెడ్ వైన్. రంగు ముదురుగా ఉంటుంది, వగరు మెత్తగా ఉంటుంది, మొదటి పరిచయానికి అదే సులువు. అయితే మొదటి గుక్కకే నచ్చేది కాబట్టి, ఇంత పొడవైన చర్చ దాని మీద జరగదు.

పాతకాపు

పూర్వం గ్రీకులు వైన్‌లో నీళ్లు కలిపి తాగేవారని చదివాను. నావుసా పక్కనే మియెజాలో అరిస్టాటిల్ అలెగ్జాండర్‌కు పాఠాలు చెప్పిన చోటు ఉందంటారు. వాళ్లు తాగినది కూడా ఈ క్సినోమవ్రోయేనా?

కార్కు తీసినవాడు

ఆ చోటు నావుసా దగ్గరే ఉంది, చూడదగినది. ఈ ద్రాక్ష అంత పాతదని చెప్పే ఆధారం మాత్రం నేను చూడలేదు, కాబట్టి ఆ సంబంధం కలపను. నీళ్ల సంగతి నిజమే. విందుల్లో 'క్రతేర్' అనే పెద్ద పాత్రలో వైన్, నీళ్లు కలిపి పంచేవారు, కలపకుండా తాగేవారిని మోటువారిగా చూసేవారు. ఆ కలపడాన్ని సూచించే 'క్రాసిస్' అన్న మాట నుంచే నేటి గ్రీకులో వైన్‌కు 'క్రాసీ' అన్న పేరు వచ్చింది. ప్రాచీనుల మాట 'ఓయినోస్' ఇప్పుడు సీసా చీటీల మీదా దుకాణాల బోర్డుల మీదా కనిపిస్తుంది, తవెర్నా అనే భోజనశాలల్లో మాత్రం అరకిలో క్రాసీ అనే అడుగుతారు. అక్కడ విడి వైన్‌ను కిలోల లెక్కన అమ్ముతారు.

నెక్కర్ ఒడ్డు

పుల్లగూర గారికీ బీకరు గారికీ మధ్య తీర్పు చెప్పాలని ఆదివారం ఒక చిన్న పరీక్ష చేశాను. అదే ఊరి సీసా, ఈసారి గంట ముందు తెరిచి 17 డిగ్రీల దగ్గర ఉంచాను. కుందేలు మాంసాన్ని నాలుగు వంతులు చేసి, ఒకటి ఉప్పు లేకుండా ఉడికించాను, రెండవది ఉప్పుతో, మూడవది ఉప్పు, ఉల్లి, టమాటాలతో కానీ వెనిగర్ లేకుండా, నాలుగవది పూర్తి స్తిఫాదో. నా భార్య ఏ గిన్నెలో ఏముందో నాకు చెప్పకుండా చిన్న ముక్కలు అందించింది. మధ్యమధ్య రొట్టె, నీళ్లు. మూడవ గిన్నెను వాసనతోనే పోల్చుకోగలిగానని ఒప్పుకోవాలి, కాబట్టి ఇది శాస్త్రీయమని అనడం లేదు.

ఉప్పు లేని మాంసంతో వైన్‌లో తేడా దాదాపు లేదు. ఉప్పుతో వగరు కొంత తగ్గింది. ఉల్లి తీపి ఉన్న మూడవదానితో నేను ఎదురు చూడనిది జరిగింది: వైన్ మళ్లీ గరుకెక్కింది, రెండవదానికంటే ఎక్కువగా. నాలుగవదానితో నావుసాలో జరిగినదే జరిగింది. పుల్లగూర గారిదే పైచేయి అని నా నాలుక సాక్ష్యం.

అదే రాత్రి మా సహోద్యోగి తల్లిగారికి ఫోను చేసి ఈ పరీక్ష గురించి అతని చేత చెప్పించాను. ఆవిడ చాలాసేపు నవ్వి, ఏ వెనిగర్ వాడానని అడిగారు. సూపర్ మార్కెట్ సీసా అని చెప్పాను. ఆవిడ ఇంట్లో వెనిగర్ కొనరట. తాగగా మిగిలిన క్సినోమవ్రోను వంటగది మూలన ఒక గాజు కూజాలో ఏళ్ల తరబడి పోస్తూ పులియనిస్తారు. ఆ రాత్రి కూరలో పడినది అదే.

పుల్లగూర

ఆ కూజాలోంచి ఒక చిన్న సీసాడు ఈసారి వచ్చేటప్పుడు తీసుకురాగలరేమో అడగండి. తాగేది మీరే ఉంచుకోండి.

నెక్కర్ ఒడ్డు

అడిగాను. వెనిగర్ ఇవ్వరట, దాని అడుగున పేరుకునే జిగట పొర కొంచెం ఇస్తారట. దాన్ని మిగిలిన వైన్‌లో వేసుకుని మన కూజా మనమే మొదలుపెట్టుకోవాలట, పెరుగుకు తోడు వేసినట్టు.